బెంగళూరు బాల్కనీలో మట్టి లేని తోట: ఏ పద్ధతి ఎవరికి? తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం, ఎలక్ట్రానిక్ సిటీ వైపు అపార్ట్‌మెంట్లలో ఉండే తెలుగువాళ్లకు మిద్దెతోట మీద ఎంత ఇష్టమున్నా మిద్దె చేతిలో ఉండదు. టెర్రస్ తాళం అసోసియేషన్ దగ్గరుంటుంది. మట్టి బస్తా లిఫ్టులో ఎక్కిస్తే కింద సెక్యూరిటీ ఊరుకోడు. అందుకే చాలామంది చూపు హైడ్రోపోనిక్స్ మీద, అంటే మట్టి లేకుండా పోషకాలు కలిపిన నీళ్లతో మొక్కలు పెంచడం మీద పడుతోంది. పైపుల స్టాండు కొనే ముందు అడిగే ప్రశ్నలూ, కొన్నాక అడిగే ప్రశ్నలూ ఇక్కడ కలిపి పెట్టాను. రెండో రకమే ఎక్కువ వస్తుంటాయి.

అసలు ఇన్ని పద్ధతులు ఎందుకున్నాయి?

వేరుకు నీళ్లు కావాలి, పోషకాలు కావాలి, గాలి కావాలి. నీళ్లలో పోషకాలు కలపడం అన్ని పద్ధతుల్లోనూ ఒకటే. తేడా అంతా గాలి దగ్గర వస్తుంది. ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండే వేరుకు ఆక్సిజన్ అందకపోతే కుళ్లిపోతుంది. ఈ చిక్కును ఒక్కో పద్ధతి ఒక్కోలా విప్పుకుంది. క్రాట్కీలో నీటిమట్టం దానంతటదే తగ్గి వేళ్లకు గాలి తగులుతుంది. డీప్ వాటర్ కల్చర్‌లో పంపుతో బుడగలు వదులుతాం. ఎన్ఎఫ్‌టీలో నీళ్లు పలుచని పొరలా పారతాయి. ఎబ్ అండ్ ఫ్లోలో ట్రే నిండుతుంది, ఖాళీ అవుతుంది. డ్రిప్‌లో చుక్కలు పడతాయి. ఏరోపోనిక్స్‌లో వేళ్లు గాలిలోనే వేలాడుతుంటే వాటి మీద తుంపర కొడతాం.

అమ్మేవాళ్లు ఎన్ని మొక్కలు పడతాయో చెబుతారు. మీరు అడగాల్సినవి రెండున్నాయి: కరెంటు పోతే మొక్క ఎంతసేపు తట్టుకుంటుంది? మేం ఊరెళ్తే ఎన్నాళ్లు ఆగుతుంది? ఈ రెంటికీ జవాబు తెలిస్తే ఏ పద్ధతి కొనాలో సగం తేలిపోతుంది.

ఇది ఈ మధ్య వచ్చిన ఫ్యాషనా?

చాలా పాతది. 1860లలోనే జర్మనీలో జూలియస్ సాక్స్, విల్‌హెల్మ్ నాప్ పోషక ద్రావణాల్లో మొక్కలు పెంచి చూపించారు. 'హైడ్రోపోనిక్స్' అన్న పేరు 1937లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం గెరికె వల్ల ప్రచారంలోకి వచ్చింది. మన దేశంలో 1946లో కలింపాంగ్‌లో షోల్టో డగ్లస్ ఈ సాగు మీద ప్రయోగాలు మొదలుపెట్టారు. ఖరీదైన పరికరాలు లేకుండా ఎలా పండించాలన్నదే ఆయన వెతికిన దారి. ఈ రోజు మెరిసే కిట్లు అమ్మేవాళ్లు ఆ మాట గుర్తు చేయరు లెండి.

మొదటిసారి చేసేవాళ్లకు ఏది మంచిది?

క్రాట్కీ. ఇందులో మోటారు లేదు, టైమర్ లేదు, కరెంటు బిల్లు లేదు. హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన బెర్నార్డ్ క్రాట్కీ పేరుతో ప్రసిద్ధి పొందింది.

మూత ఉన్న ఒక డబ్బా కావాలి. చేపల దుకాణం నుంచో మందుల దుకాణం నుంచో తెచ్చిన థర్మోకోల్ పెట్టె అయినా సరిపోతుంది. మూతకు రంధ్రాలు చేసి నెట్ కప్పులు (జల్లెడలా రంధ్రాలున్న చిన్న ప్లాస్టిక్ కప్పులు) బిగించాలి. నారు కోకోపీట్‌లోనో (కొబ్బరి పీచు పొట్టు) స్పాంజి ముక్కలోనో పెంచి కప్పులో పెట్టాలి. కప్పు అడుగు మాత్రమే తగిలేలా ద్రావణం నింపాలి. మొక్క తాగేకొద్దీ మట్టం దిగుతుంది. పైన ఖాళీ అయిన జాగాలో ఉన్న వేళ్లు గాలి పీల్చుకోవడానికి అలవాటు పడతాయి, కిందివి నీళ్లు తాగుతాయి. ఒక లెట్యూస్ మొక్కకు నారు నాటిన దగ్గర్నుంచి కోత దాకా సుమారు నాలుగు లీటర్లు లెక్క వేసుకోండి.

ఇక్కడ చాలామంది ప్రేమ కొద్దీ చేసే పని ఒకటుంది. మట్టం తగ్గిందని చూసి మళ్లీ మూతి దాకా నింపేస్తారు. గాలికి అలవాటు పడ్డ వేళ్లన్నీ ఒక్కసారి మునిగిపోతాయి. రెండు మూడు రోజుల్లో మొక్క వాడుతుంది, "నీళ్లున్నా ఎందుకు వాడింది?" అని అడుగుతారు. నింపాల్సి వస్తే అడుగున కొంచెమే పోయండి, పై సగం ఖాళీగా వదలండి.

పాలకూర, లెట్యూస్, కొత్తిమీర, తులసి దీనిలో బాగా వస్తాయి. టమాటా లాంటి దాహం ఎక్కువున్న మొక్కకు పెద్ద డ్రమ్ము లేకపోతే పనికిరాదు.

నిలవ నీళ్లంటే దోమలు రావా?

మూతకూ కప్పుకూ మధ్య సందు లేకపోతే రావు. సందులున్న చోట స్పాంజి దూర్చండి, గాలి రంధ్రం పెడితే దానికి దోమతెర ముక్క అతికించండి. వాన కాలంలో డెంగీ భయం ఊరంతా ఉంటుంది కాబట్టి పక్క ఫ్లాటువాళ్లు అడగకముందే ఈ పని చేయడం మంచిది. డబ్బాలోకి వెలుతురు కూడా పోకూడదు. పోతే పాచి పడుతుంది. తెల్ల డబ్బా అయితే లోపల ఏమీ పూయకండి, బయట నల్ల రంగు వేసి దాని మీద తెల్ల రంగు వేయండి. నలుపు వెలుతురును ఆపుతుంది, తెలుపు వేడిని ఆపుతుంది.

వత్తి పద్ధతి గురించి ఏమంటారు?

కింద నీళ్లు, పైన కోకోపీట్ కుండీ, మధ్యలో తాడు. పిల్లల స్కూల్ ప్రాజెక్టుకు బాగుంటుంది. కిటికీలో ఒక పుదీనా కుండీకి సరిపోతుంది. మొక్క పెద్దదైతే అది తాగేంత వేగంగా తాడు నీళ్లు లాగలేదు. పైన తెల్లగా ఉప్పు పేరుకుంటుంది కనుక అప్పుడప్పుడు పైనుంచి మంచినీళ్లు పోసి కడగాలి.

డీప్ వాటర్ కల్చర్‌కు ఆక్వేరియం పంపు చాలా?

ఒక టబ్బుకు చాలు. లోతైన టబ్బులో ద్రావణం, పైన తేలే థర్మోకోల్ షీటు, అడుగున పంపు గాలిని బుడగలుగా వదిలే ఎయిర్ స్టోన్. పంపు రాత్రీ పగలూ నడవాలి. నీళ్లు ఎక్కువగా ఉంటాయి కాబట్టి పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చూపే అంకె), ఉష్ణోగ్రత ఒక్కసారిగా మారవు. కొత్తవాళ్లకు ఇది పెద్ద ఊరట.

పంపును టబ్బు నీటిమట్టం కంటే పైన పెట్టండి. కింద పెడితే కరెంటు పోయినప్పుడు నీళ్లు ఆ సన్న గొట్టం గుండా వెనక్కి వచ్చి పంపును ముంచుతాయి, ఆ తర్వాత బాల్కనీని, ఆ తర్వాత కింది ఫ్లాటువాళ్ల బట్టలను. కుదరకపోతే గొట్టంలో ఒక చెక్ వాల్వ్ వేయండి, ఆక్వేరియం సామాన్ల దుకాణంలో దొరుకుతుంది.

బరువు సంగతి కూడా చూసుకోవాలి. చదరపు మీటరు టబ్బులో 30 సెంటీమీటర్ల లోతు నీళ్లంటే 300 కిలోలు. పాత భవనం బాల్కనీ అంచున అంత బరువు పెట్టకండి.

యూట్యూబ్‌లో కనిపించే పీవీసీ పైపుల స్టాండు ఎన్ఎఫ్‌టీయేనా?

చాలావరకు కాదు. ఈ గందరగోళమే ఎక్కువ మొక్కల్ని చంపుతోంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ఎన్ఎఫ్‌టీ అంటే న్యూట్రియెంట్ ఫిల్మ్ టెక్నిక్. 1960లలో ఇంగ్లండ్‌లో అలెన్ కూపర్ దీన్ని రూపొందించారు. అడుగు చదునుగా ఉన్న కాలువలో కొన్ని మిల్లీమీటర్ల మందాన ద్రావణం పారుతూ ఉంటుంది. వేళ్ల చాప కింది భాగం తడిగా, పై భాగం గాలిలో. కాలువకు ముప్పై నలభై అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఇస్తారు. ఒక్కో కాలువలోకి నిమిషానికి లీటరు నుంచి రెండు లీటర్లు వదులుతారు. వాణిజ్య పాలీహౌస్‌లలో లెట్యూస్ పండించేది ఎక్కువగా ఇలాగే.

యూట్యూబ్ స్టాండుల్లో వాడేది మామూలు నాలుగంగుళాల గుండ్రటి పైపు. వాలు ఉండదు. చివరి మూతలో రంధ్రాన్ని అంగుళమో రెండంగుళాలో పైన పెడతారు కాబట్టి పైపులో ఎప్పుడూ నీళ్లు నిలిచే ఉంటాయి. దీన్ని డీఎఫ్‌టీ, అంటే డీప్ ఫ్లో టెక్నిక్ అంటారు. మోటారు ఆగినా వేళ్లు ఆ నిలవ నీళ్లలో ఉంటాయి, కొన్ని గంటలు గడుస్తాయి. నిజమైన ఎన్ఎఫ్‌టీలో మోటారు ఆగితే ఎండ వేళ గంట రెండు గంటల్లోనే ఆకులు వాలిపోతాయి.

అపార్ట్‌మెంటులో పైపులే కావాలనుకుంటే డీఎఫ్‌టీ తీసుకోండి. అమ్మేవాడు దాన్ని ఎన్ఎఫ్‌టీ అంటే అననివ్వండి, మీరు మాత్రం ఒకటి పరీక్షించండి: మోటారు ఆపాక పైపులో నీళ్లు మిగులుతున్నాయా? మిగిలితే సరే. నీళ్లు మిగిలే ఎత్తు మరీ ఎక్కువైతే మాత్రం వేళ్లకు గాలి తగ్గుతుంది. నెట్ కప్పు అడుగు మాత్రమే తడిచేంత ఉంటే చాలు.

పుదీనాను పైపుల్లో వేయకండి. దాని వేళ్లు నెలా రెండు నెలల్లో పైపంతా అల్లుకుని దారి మూసేస్తాయి, నీళ్లు పై కప్పుల్లోంచి పొంగుతాయి.

మోటారుకు కరెంటు ఎంత కాలుతుంది?

ఎయిర్ కూలర్‌లో వాడే 18 వాట్ల మోటారు రోజంతా నడిస్తే అర యూనిట్ కంటే తక్కువ. నెలకు 13 యూనిట్లు. ఫ్రిజ్ ముందు ఇది లెక్కలోకి రాదు. గ్రో లైట్లు, అంటే ఎండకు బదులు మొక్కలకు పెట్టే దీపాలు పెడితే మాత్రం కథ మారుతుంది.

కరెంటు పోతే ఏ పద్ధతి ఎంతసేపు తట్టుకుంటుంది?

క్రాట్కీకీ వత్తికీ కరెంటుతో సంబంధమే లేదు. కోకోపీట్‌లో నడిచే డ్రిప్ పద్ధతి ఎండ లేకపోతే ఒక రోజు దాకా నెట్టుకొస్తుంది, ఎందుకంటే కోకోపీట్ నీళ్లు పట్టి ఉంచుతుంది. డీప్ వాటర్ కల్చర్ చల్లటి రోజున చాలా గంటలు ఆగుతుంది, ఏప్రిల్ మధ్యాహ్నం అంత ఆగదు. డీఎఫ్‌టీ కూడా దాదాపు అంతే. ఎబ్ అండ్ ఫ్లో లోపలి గులకరాళ్లను బట్టి ఉంటుంది. ఎన్ఎఫ్‌టీకి గంట రెండు గంటలు. ఏరోపోనిక్స్‌లో అంతకంటే ముందే ఇబ్బంది మొదలవుతుంది. బెస్కాం వాళ్లు కరెంటు తీసే రోజున మీరు ఆఫీసులో ఉంటారన్నది గుర్తుపెట్టుకుని ఎంచుకోండి. ఫ్లాటుకు జనరేటర్ బ్యాకప్ ఉంటే బాల్కనీ ప్లగ్గుకు అది వస్తుందో లేదో ముందే చూడండి. చాలా భవనాల్లో రాదు.

ఎబ్ అండ్ ఫ్లోకు కంకర వాడొచ్చా?

గ్రానైట్ జల్లి బాగా కడిగి వాడొచ్చు. కొన్ని చుక్కల వెనిగర్ పోసి చూడండి. బుడగలు వస్తే అది సున్నపు రాయి, పీహెచ్ పెంచుతుంది, వద్దు. క్లే బాల్స్ (కాల్చిన మట్టి గోళీలు) తేలిక, కానీ ఖరీదు. ట్రేను టైమర్‌తో రోజుకు కొన్నిసార్లు నింపి ఖాళీ చేస్తారు. పొంగి పోయే గొట్టం మోటారు నింపే గొట్టం కంటే వెడల్పుగా ఉండాలి, లేకపోతే అంతా నేల మీదే. చప్పుడు చేస్తుంది కాబట్టి పడగ్గది పక్క బాల్కనీలో వద్దని నా సలహా.

టమాటా, పచ్చిమిర్చి, బీర, దోస ఎందులో వేయాలి?

డచ్ బకెట్లలో. డ్రిప్ పద్ధతిలో ఇదొక రకం. ఒక్కో బకెట్‌లో కోకోపీట్, పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) కలిపి నింపి ఒకటి రెండు మొక్కలు పెడతారు. పైనుంచి డ్రిప్పర్ చుక్కలు వదులుతుంది. అడుగున ఒక ఎల్బో గొట్టం అంగుళం నీళ్లు మాత్రం ఉంచి మిగతాది ట్యాంకుకు పంపుతుంది. కాయకూరలకు ఇంట్లో చేసుకోదగ్గ పద్ధతుల్లో దీన్ని మించింది లేదు. పెద్దదైన టమాటా మొక్క ఎండ రోజుల్లో రెండు మూడు లీటర్లు తాగుతుంది. అంత తాగే మొక్కను సన్న పైపులో పెడితే పక్క మొక్కలకు మిగిలేదేముంది?

కోకోపీట్ ఇటుకను నీళ్లలో నానబెట్టి ఒకటికి మూడుసార్లు కడగండి. దానిలో సోడియం, పొటాషియం ఎక్కువగా ఉంటాయి. అవి పోకపోతే కాల్షియం మొక్కకు అందదు, టమాటా కాయ అడుగు నల్లబడుతుంది. కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి కడిగితే ఇంకా మంచిది.

ఎత్తు అంతస్తుల్లో తేనెటీగలు తక్కువ. టమాటా, మిర్చికి పూలు వచ్చినప్పుడు కాడను మెల్లగా తట్టితే చాలు. బీర, దోస, కాకరకు మగపువ్వు కోసి ఆడపువ్వుకు మీరే అద్దాలి. బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది కాబట్టి ఆఫీసు నుంచి వచ్చాకైనా కుదురుతుంది.

మరి గోంగూర?

తెలుగువాళ్లతో మాట్లాడితే ఈ ప్రశ్న రాకుండా పోదు. గోంగూర నీళ్ల పైపుల్లో బతుకుతుంది, అయితే కాడ లావై నిలువుగా పెరిగేసరికి కప్పులో నిలబడలేక పడిపోతుంది. డ్రిప్ పెట్టిన కోకోపీట్ సంచిలో వేసి, పైనుంచి తుంచుతూ ఉంటే పక్క కొమ్మలు వేసి నెలల తరబడి కోతకొస్తుంది. ఎండ బాగా కావాలి. ఇక్కడి మార్కెట్లలో పుండి సొప్పు పేరుతో కట్టలు దొరుకుతూనే ఉంటాయి కాబట్టి ఉన్న కాస్త జాగా దీనికి ఇవ్వాలా అన్నది మీ ఇష్టం. కరివేపాకు మాత్రం మట్టి కుండీలోనే ఉంచండి. ఏళ్ల తరబడి పెరిగే చెట్టుకు ఈ హంగామా దండగ.

ఏరోపోనిక్స్ అన్నిటికంటే గొప్పదంటారు, నిజమా?

వేళ్లకు గాలి అందే విషయంలో నిజమే. సిమ్లాలోని కేంద్ర బంగాళదుంప పరిశోధన సంస్థ రోగాలు లేని విత్తన దుంపల కోసం దీన్నే వాడుతోంది. ఇంటికి మాత్రం వద్దంటాను. సన్న నాజిల్ ఒక ఉప్పు రేణువుకే మూసుకుపోతుంది, బోరు నీళ్లున్న మన ఊళ్లో అది ఖాయం. ఏరోపోనిక్ టవర్ పేరుతో అమ్మేవాటిలో చాలావాటిలో తుంపర ఉండదు, పైనుంచి నీళ్లు కారుతుంటాయంతే. అది చెడ్డదేం కాదు, ఆ పేరుకు ఎక్కువ డబ్బు ఇవ్వకండి.

చేపలతో కలిపి చేసే ఆక్వాపోనిక్స్?

చేపల వ్యర్థంలోని అమ్మోనియాను బ్యాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తుంది, అది మొక్కకు ఎరువు. వినడానికి బాగుంటుంది. చేపలకు ఒక పీహెచ్, మొక్కలకు ఒక పీహెచ్, బ్యాక్టీరియాకు ఇంకొకటి నచ్చుతాయి. ముందు మామూలు ఆక్వేరియం ఒక ఏడాది నడిపినవాళ్లు దిగితే మంచిది.

ట్యాంకర్ నీళ్లు పనికొస్తాయా?

బెంగళూరులో అసలు మొదట అడగాల్సింది ఇదే. పద్ధతి ఏదైనా నీళ్లు బాగోకపోతే ఏదీ పనిచేయదు.

కావేరి నీళ్లు వచ్చే ఇళ్లలో పెద్ద సమస్య ఉండదు. ఔటర్ రింగ్ రోడ్డు అవతల చాలా అపార్ట్‌మెంట్లు బోరు, ట్యాంకర్ల మీదే నడుస్తాయి. ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్లు ఎక్కువ. కుళాయి చివర తెల్లగా గారపడుతోందంటే మీ నీళ్లు అలాంటివే. పది నిమిషాల పనిగా, నీళ్లలో కరిగిన లవణాలెన్నో చూపే టీడీఎస్ మీటరుతో కొలవండి. 200 లోపు ఉంటే ధైర్యంగా మొదలుపెట్టండి. 300, 400 ఉంటే పాలకూర, టమాటా లాంటివి వస్తాయి, పీహెచ్‌తో కుస్తీ తప్పదు. ఆరేడు వందలు ఉంటే నేరుగా వాడకండి. లెట్యూస్ మొత్తం కోరుకునేదే ఈసీ (కరిగిన లవణాలకు ఇంకో కొలత) 1.2 దరిదాపుల్లో ఉంటుంది, టీడీఎస్ మీటరు లెక్కలో సుమారు 600. ఎరువు వేయకముందే గిన్నె నిండిపోతే ఎరువు వేసే చోటేది?

అలాంటి చోట వాన నీళ్లు పట్టుకోండి, లేదా ఆర్ఓ నీళ్లలో సగం బోరు నీళ్లు కలపండి. ట్యాంకర్ మారితే నీళ్లూ మారతాయి కాబట్టి కొత్తగా కలిపే ప్రతిసారీ కొలవాలి.

ఇంకో మాట. 2024 మార్చిలో నీటి ఎద్దడి ముదిరినప్పుడు జలమండలి తోటలకూ కార్లు కడగడానికీ తాగునీరు వాడొద్దని, వాడితే 5,000 రూపాయల జరిమానా అని ఆదేశించింది. అలాంటి వేసవి మళ్లీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాబట్టి వాన నీటి డ్రమ్ము పెట్టగలిగితే పెట్టుకోండి.

ఆర్ఓ నుంచి బయటికి పోయే నీళ్లు వృథా అవుతున్నాయి, అవి పోయొచ్చా?

వద్దు. శుద్ధి చేసిన నీళ్లలోంచి తీసిన ఉప్పంతా వాటిలోనే ఉంటుంది. నేల తుడవడానికి వాడుకోండి.

19-19-19 ఎరువు కలిపితే సరిపోదా?

సరిపోదు. అందులో కాల్షియం లేదు, మెగ్నీషియం లేదు. నత్రజనిలో సగానికి పైగా యూరియా రూపంలో ఉంటుంది. యూరియాను మొక్కకు అందే రూపంలోకి మార్చే సూక్ష్మజీవులు మట్టిలో కోట్లలో ఉంటాయి, శుభ్రమైన నీళ్లలో తక్కువ. హైడ్రోపోనిక్ ఎరువు ఏ, బీ అని రెండు సీసాల్లో వస్తుంది. ఒకదానిలో కాల్షియం నైట్రేట్, రెండో దానిలో సల్ఫేట్లు, ఫాస్ఫేట్లు. గాఢంగా ఉన్నప్పుడు రెండూ కలిస్తే జిప్సం లాంటి తెల్లటి మడ్డి అడుగున పడిపోతుంది, అది మొక్కకు అందదు. ముందు ట్యాంకు నిండా నీళ్లు, తర్వాత ఏ వేసి బాగా కలపడం, ఆ తర్వాత బీ. ఈ వరస తప్పకండి.

కోకోపీట్‌లో కూరగాయలు వేసేవాళ్లకు హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ, అంటే ఐఐహెచ్ఆర్, 'అర్క సస్య పోషక రస' అనే ద్రవ ఎరువు తయారుచేసింది. మన ఊరి సంస్థే కాబట్టి వెళ్లి అడిగి తెచ్చుకోవచ్చు.

జీవామృతం, పంచగవ్య పోయొచ్చా?

పైపుల్లో, టబ్బుల్లో పోయకండి. మట్టిలో వాటి బలం సూక్ష్మజీవుల్లో ఉంది. నీళ్లలో అవే సూక్ష్మజీవులు ఆక్సిజన్ తాగేసి వేళ్ల మీద జిగురు పట్టిస్తాయి, వాసన ఎలాగూ వస్తుంది. సేంద్రియమే కావాలంటే మట్టి కుండీ, వర్మీ కంపోస్టు మంచి దారి. రెండూ ఒకే బాల్కనీలో ఉండొచ్చు, గొడవేమీ లేదు.

పీహెచ్ రోజూ ఎందుకు పెరిగిపోతోంది?

బోరు నీళ్లలోని బైకార్బొనేట్ల వల్ల. మొక్క నైట్రేట్ తీసుకున్నప్పుడు కూడా పెరుగుతుంది. 5.5 నుంచి 6.5 మధ్య ఉంచాలి. 7 దాటితే ఇనుము అందక లేత ఆకులు పసుపు పచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. నిమ్మరసం, వెనిగర్ పోస్తే రెండు రోజుల్లో మళ్లీ మొదటికొస్తుంది. ఫాస్ఫారిక్ యాసిడ్‌తో చేసిన పీహెచ్ డౌన్ వాడండి. యాసిడ్‌ను నీళ్లలో పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. చేతికి గ్లవుజులు, పిల్లలకు అందని అర. పీహెచ్ మీటరును బఫర్ ద్రావణంలో (పీహెచ్ ఎంతో ముందే తెలిసిన ద్రావణం) అప్పుడప్పుడు సరిచూసుకోకపోతే అది చూపించే అంకెకు విలువ లేదు.

సంక్రాంతికి ఊరెళ్తాం. తోట సంగతేంటి?

జనవరి మనకు అనుకూలమైన నెల. రాత్రిళ్లు 15, 16 డిగ్రీలకు దిగుతుంది, మొక్క తక్కువ తాగుతుంది. క్రాట్కీ డబ్బా మధ్య వయసు మొక్కలతో ఉంటే పది పదిహేను రోజులు తిరిగి చూడనక్కర్లేదు. పైపుల స్టాండు అయితే వెళ్లే ముందు ట్యాంకు నింపి, మోతాదులో నాలుగో వంతు తగ్గించి కలపండి. నీళ్లు తగ్గేకొద్దీ ఎరువు చిక్కబడుతుంది కాబట్టి పలుచగా మొదలుపెట్టడం మేలు. కోతకొచ్చినవి కోసి ఊరికి పట్టుకెళ్లండి. పక్కింటివాళ్లకు తాళం ఇస్తే "నీళ్లు పోయండి" అని చెప్పకండి, "మోటారు నడుస్తోందో లేదో చూడండి" అని చెప్పండి. ఎండాకాలం సెలవులకు నెల రోజులు వెళ్లేవాళ్లు మార్చి చివర్లోనే అన్నీ కోసేసి, కడిగి, ఆరబెట్టి వెళ్లడం ఉత్తమం.

మా బాల్కనీ ఉత్తరం వైపు. ఎండ రాదు.

కోతకు వచ్చేంత కూర కావాలంటే కనీసం నాలుగైదు గంటల ఎండ ఉండాలి. అంత రాకపోతే పుదీనా, మైక్రోగ్రీన్స్‌తో (మొలకెత్తిన కొద్ది రోజులకే కోసే లేత ఆకులు) సరిపెట్టుకోండి, లేదా తెల్ల ఎల్ఈడీ బల్బులు పెట్టండి. కాయకూరల ఆశ మాత్రం వదులుకోండి. తూర్పు బాల్కనీ ఆకుకూరలకు దివ్యంగా ఉంటుంది. పడమర బాల్కనీలో మార్చి నుంచి మే దాకా 50 శాతం షేడ్ నెట్ కట్టాలి. పావురాల వల ముందే కట్టండి. లేత లెట్యూస్ వాటికి విందు భోజనం.

మట్టి లేకుండా పెరిగిన కూరలో బలం ఉండదంటారు మా అత్తగారు. ఏం చెప్పాలి?

మొక్క మట్టి నుంచి తీసుకునేదీ ఇవే ఖనిజాలని చెప్పండి. ఆమె అనుమానంలో కొంత నిజముందని కూడా ఒప్పుకోండి. వెలుతురు తక్కువగా ఉండి ఎరువు ఎక్కువైతే ఆకుల్లో నైట్రేట్ పేరుకుంటుంది, రుచి కూడా చప్పగా ఉంటుంది. కోతకు రెండు మూడు రోజుల ముందు ఎరువు లేని నీళ్లు పెట్టి, ఎండ బాగా తగిలిన సాయంత్రం కోస్తే అది తగ్గుతుంది. ఆ పాలకూరతో ఒకసారి పప్పు వండి పెట్టండి, మిగతా చర్చ తర్వాత.

నీళ్లు ఆదా, డబ్బు ఆదా నిజమేనా?

నీళ్లు, అవును. 2015లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు లెట్యూస్ మీద వేసిన లెక్కలో కిలోకు పొలంలో ఏడాదికి 250 లీటర్లు, హైడ్రోపోనిక్స్‌లో 20 లీటర్లు తేలింది. అదే లెక్కలో శక్తి ఖర్చు హైడ్రోపోనిక్స్‌కు 80 రెట్లకు పైగా ఎక్కువ. అందులో ఎక్కువ భాగం గ్రీన్‌హౌస్‌ను వేడి చేయడానికీ చల్లబరచడానికీ పోయింది. బెంగళూరు బాల్కనీకి ఆ ఖర్చు లేదు, ఈ ఊరి వాతావరణమే మనకు పెద్ద సబ్సిడీ.

డబ్బు సంగతి అడిగితే, పాలకూర కట్ట ధరతో పోల్చి లెక్క వేస్తే కిట్టు ఖర్చు తిరిగి రావడం కష్టం. లెట్యూస్, ఇటాలియన్ తులసి లాంటివి కొని తినే అలవాటున్న ఇంట్లో కాస్త తొందరగా వస్తుంది.

చెన్నైలో ఉన్న మా తమ్ముడు కూడా ఇదే పెట్టుకోవచ్చా?

పద్ధతి మార్చుకోవాలి. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకు వచ్చేసరికి 7.5కి పడిపోతుంది, పైగా వేడిలో వేరుకు ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి. వేరుకుళ్లు తెచ్చే పిథియం అనే శిలీంధ్రం లాంటి సూక్ష్మజీవికి ఆ వేడి నచ్చుతుంది. వేళ్లు గోధుమ రంగులోకి మారి, లాగితే పై పొర చేతికి ఊడి వస్తే అదే. అందుకే చెన్నైలో పైపులు, టబ్బుల కంటే కోకోపీట్ సంచులు, డ్రిప్ మేలు. ట్యాంకు నీడలో, వీలైతే ఇంటి లోపల పెట్టాలి. లెట్యూస్‌ను డిసెంబరు, జనవరికి వదిలేసి మిగతా రోజుల్లో తోటకూర, బచ్చలి, గోంగూర, బెండ వేసుకోమనండి.

పాత ద్రావణం ఎన్నాళ్లకు మార్చాలి? ఎక్కడ పారబోయాలి?

రెండు మూడు వారాలకోసారి పూర్తిగా మార్చండి. మధ్యలో తగ్గిన మేరకు నీళ్లు, సగం మోతాదు ఎరువు కలుపుతూ ఉండొచ్చు. మొక్క తనకు నచ్చినవి తీసుకుని మిగతావి వదిలేస్తుంది కాబట్టి మీటరు అంకె సరిగ్గా ఉన్నా లోపల పాళ్లు మారిపోతాయి. తీసేసిన నీళ్లను డ్రైనేజీలో వదలకండి. అంతే మంచినీళ్లు కలిపి మట్టి కుండీల్లోని కరివేపాకుకో, కింద అపార్ట్‌మెంటు మొక్కలకో పోయండి. అసోసియేషన్ తోటమాలిని ముందే అడిగితే ఆయనే బకెట్ పట్టుకుని వస్తాడు.